యువజనమునకు కాయకదీక్ష

పూనా నగరమునుండి షోలాపురము, హుమ్నాబాదు, జహీరాబాదు, సదాశివపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు మీదుగా భాగ్యనగరము చేరు రాజమార్గము శరణచరిత్రకు మిక్కిలి చేరువైన బాట. హుమ్నాబాదునకు పడమట, ఆ మార్గమునకు కొలదిదూరముననే బసవకల్యాణము కలదు. పండ్రెండవ శతాబ్దమున బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భాండాగారియై, అనుభవమంటపమునకు ప్రాణమై నిలిచిన కల్యాణ మదియే. ఇంకను పడమటికి పోయినచో షోలాపురము వచ్చును. శరణుల కాలమున దానిపేరు సొన్నలిగె. ఆ యూరి చెరువు కథతో ఈ ప్రసంగ మారంభించుట తగును.

సొన్నలిగెయందు సిద్ధరాముడను యువయోగి గొప్ప చెరువును త్రవ్వించుచుండెను. వేలకొలది జనులు గంపలెత్తుచు, రాళ్లు పగులగొట్టుచు, కట్ట పోయుచు శ్రమించుచుండిరి. అల్లమప్రభువు ఆ దారిని వచ్చి, రాళ్లు కొట్టు మీ రాముడెక్కడ నున్నాడని వారి నడిగెనట. తమ గురువు నింత తక్కువచేసి పలికెనే యని పనివారందరు మండిపడి, చేతిలోని రాళ్లనే ఆయనపై రువ్విరని శరణకథలు చెప్పును. పిమ్మట సిద్ధరాముడు కోపముతో వచ్చుటయు, ప్రభువుతో సంవాదము జరుగుటయు, కోపముతో వచ్చినవాడే శిష్యభావముతో కల్యాణమునకు నడచుటయు భక్తులెల్లరు నెరిగినవే. అయితే వినువారు తరచు దాటిపోవు విషయ మొకటి అందు కలదు. రాళ్లు రువ్వినవారెవరు? రాళ్లు కొట్టువారే. తాము దినమంతయు చేయుచున్న పని గురువునకు అంటగట్టబడినంతనే వారికి తిట్టుగా వినబడెను. చేతులు పుణ్యకార్యమున నున్నను, మనస్సు మాత్రము తమ పనిని నీచమనియే యెంచుచుండెనన్నమాట. ప్రభువు చెరువును నిందింపలేదు. ఆ చెరువు నేటికిని షోలాపురమున నిలిచియున్నది. పనిచేయువానికి ఆ పనివలన లోపల నేమి తెల్లవారినదని మాత్రమే ఆయన యడిగెను.

ఆ ప్రశ్న ఎనిమిదివందల యేండ్లు దాటి, అదే రాజమార్గమున తూర్పునకు నడచివచ్చి, నేడు పటాన్‌చెరు కర్మాగారముల ద్వారములయొద్ద నిలిచియున్నది.

ఈ ప్రాంత మొకప్పుడు జొన్నచేలకును, చెరువుక్రింది వరిమళ్లకును పేరువడినది. ఊరి పేరునందే చెరువున్నది. 1960వ దశకమున రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము వెలసెను. 1972లో పటాన్‌చెరున అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనసంస్థ ఇక్రిశాట్ నెలకొనెను. 1973లో రాష్ట్రప్రభుత్వము పారిశ్రామిక మౌలికసదుపాయముల సంస్థను స్థాపించిన పిమ్మట పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము గ్రామములు వరుసగా పారిశ్రామికవాడ లాయెను. 1984లో ఎద్దుమైలారమున ఆయుధకర్మాగారము వచ్చెను. 2008లో ప్రారంభమైన భారతీయ సాంకేతిక విజ్ఞానసంస్థ కందిలో స్థిరపడినది. ఔషధములు, రంగులు, ఇనుము, గాజు, యంత్రభాగములు, ఏది కావలసినను ఈ నేలమీద తయారగుచున్నది. బొంతపల్లి వీరభద్రస్వామికి మ్రొక్కు చెల్లింప వచ్చు భక్తులు పొగగొట్టముల నడుమనుండియే కోవెలకు పోవుచున్నారు. బీరంగూడ గుట్టమీది మల్లికార్జునస్వామి సన్నిధినుండి చూచినచో పొలములకంటె మేడలే యెక్కువ కనబడును.

కర్మాగారములు అన్నము పెట్టినవి. ఈ మాట మరచి మాటలాడుట కృతఘ్నత యగును. అవి నక్కవాగును చెడగొట్టిన మాటయు నిజమే. ఆ వాగు మంజీరలో కలియును. వాగునీటితో సేద్యము చేసినవారి పంటలు పాడగుటయు, బావులు రంగుమారుటయు జరిగి, 1990లో వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానమువరకు పోయినది. పటాన్‌చెరు వైద్యుడు డాక్టరు కిషన్‌రావు దశాబ్దముల తరబడి ఆ పోరాటమున ముందు నిలిచెను. నష్టపోయిన రైతులు తమకు తెలియని విద్యలు కొన్ని అపుడు నేర్చుకొనిరి. నీటిని సీసాలో పట్టి పరీక్షకు పంపుట, పోయిన పంటను లెక్కగట్టుట, అర్జీ వ్రాయుట, దానికి రసీదు పుచ్చుకొనుట, తేదీలు గుర్తుపెట్టుకొనుట మున్నగునవి. ఏ పాఠశాలయు వారికి ఆ విద్యలను ముందుగా నేర్పలేదు. కష్టము వచ్చి మీదపడిన పిదప నేర్చుకొనవలసివచ్చినది. ముందే తెలిసియున్నచో కొన్ని పంటలైనను దక్కియుండెడివేమో.

ఆ రైతుల కుమారులు, మనుమలు నేటి యువకులు. వారిలో కొందరి యిండ్లకు భూమి యమ్మిన పైకము ఒక్కసారిగా వచ్చినది. దానితో కొందరు ఇల్లు కట్టిరి, కొందరు కారు కొనిరి, కొందరు ఆడపిల్లల పెండ్లిండ్లు ఘనముగా చేసిరి. కొందరిండ్ల పైకము బెల్టుషాపు బల్లమీద కరగిపోయినది. మునుపు పొలమే బడి. తండ్రి వెంట నడచుచు పిల్లవాడు ఏ మబ్బు వాన కురియునో, ఏ ఎద్దు మొండికేయునో, ఎవరి వద్ద అప్పు తేవచ్చునో, ఎవరి వద్ద తేరాదో నేర్చుకొనెడివాడు. పొలము పోయినపుడు ఆ బడియు మూతపడినది. కర్మాగార మా బడికి బదులు కాలేదు. కర్మాగారము పని చెప్పునే కాని పాఠము చెప్పదు.

ఈ వాడలోని ఏ గ్రామముననైనను ఇటువంటి యువకుని చూడవచ్చును. వయస్సు ఇరువది. ఇంటర్మీడియటు తప్పినాడు, లేదా ఉత్తీర్ణుడై పై చదువు మానినాడు. ఊరి కాంట్రాక్టరు వద్ద పేరు వ్రాయించుకొని హెల్పరుగా చేరినాడు. మొదటిదినము లారీనుండి డ్రమ్ములు దింపుచు ఆతడు అడుగును:

"అన్నా, ఈ డ్రమ్ములల్ల ఏముంటది?"

"నీకెందుకు తమ్మీ? మోసుడే నీ పని."

మాట యింతే. చెప్పినవాడు దుష్టుడు కాడు. ఆతనికిని ఎవరో ఒకనాడు అట్లే చెప్పియుందురు. కాని ఆ ఒక్క మాటతో యువకుని జీవితమున ఒక తలుపు మూయబడినది. డ్రమ్ముమీద పుఱ్ఱె గుర్తున్నది, మంట గుర్తున్నది, ఆంగ్లమున నాలుగు పంక్తులున్నవి. ఆతడు పదియేండ్లకు పైగా బడికి పోయినవాడే. అయినను వాటిని చదువవలెనను తలంపు రాదు. చదివినను అడుగు ధైర్యము చాలదు. మరునాటినుండి అడుగుట మానును. ఏడాది గడచునప్పటికి క్రొత్తగా వచ్చిన మరియొక తమ్మునకు తానే ఆ మాట చెప్పును.

2025 జూన్ 30వ తేదీ ఉదయమున పాశమైలారములోని ఒక కర్మాగారమున ఘోరమైన ప్రేలుడు సంభవించి 40 మందికి పైగా కార్మికులు మరణించిరి. భవనము కూలినది. కొందరి దేహములు సైతము దొరకలేదు. బీహారు, ఉత్తరప్రదేశము, ఒడిశా మొదలగు దూరప్రాంతములనుండి కూలికి వచ్చినవారు మృతులలో ఎందరో కలరు. తమవారి ఆనవాలుకై కుటుంబములు రక్తపరీక్షల కొరకు వరుసలు కట్టి వేచియున్న దృశ్యము చూచినవారికి మరపునకు రాదు. బాధ్యు లెవరో తేల్చుట న్యాయవిచారణ పని. ఒక మాట మాత్రము ఇచట స్పష్టముగా చెప్పవలెను. కర్మాగారమును భద్రముగా నడపు బాధ్యత యజమానిది, తనిఖీచేయు బాధ్యత ప్రభుత్వాధికారులది. శిక్షణ లేకపోవుటచేత కార్మికుడు చనిపోయెనని నెపము కార్మికునిపైననే నెట్టుట పాపము. యువకులకు నేర్పవలసిన విద్యనుగూర్చి మాటలాడునపుడు ఈ హద్దును దాటరాదు. అయినను ఆ హద్దునకు ఈవలి ప్రక్క చేయవలసిన పని చాల మిగిలియున్నది.

ప్రభుత్వములు ఏమియు చేయలేదనుట సరికాదు. 1972లో నెహ్రూ యువకేంద్రము లేర్పడినవి. గ్రామయువజన సంఘములు, ఆటలు, శ్రమదానములు వాటి మూలమున సాగినవి. 2014లో దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన వచ్చినది. పదునైదు మొదలు ముప్పదియైదేండ్ల లోపు గ్రామీణ పేదయువతకు అది శిక్షణనిచ్చి ఉద్యోగము చూపును. వృత్తివిద్యతోపాటు కొంత ఆంగ్లము, కంప్యూటరు, మాటతీరు నేర్పవలెనని అందు నియమము కలదు. ఐ.టి.ఐ.లు ఎప్పటినుండియో ఉన్నవి. వాటికి క్రొత్త యంత్రములు సమకూర్చి ఆధునిక సాంకేతిక కేంద్రములుగా మార్చు కార్యక్రమము 2024లో రాష్ట్రమంతట మొదలైనది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1990వ దశకమున జీవననైపుణ్యములని పదింటిని పేర్కొన్నది. తన్ను తా నెరుగుట, పరుల బాధ నెరుగుట, తరచి ఆలోచించుట, క్రొత్తగా ఆలోచించుట, నిర్ణయము చేయుట, చిక్కు విప్పుట, తేటగా మాటలాడుట, నలుగురితో మెలగుట, ఉద్వేగమును అదుపుచేయుట, ఒత్తిడిని తాళుట అనునవి అవి. చక్కని పట్టికయే. కాని గ్రామమునకు వచ్చునప్పటికి ఈ పట్టిక మూడుదినముల శిబిరముగా, ఒక బ్యానరుగా, శాలువాగా, ప్రమాణపత్రముగా కుదించుకొని పోవుటయు కలదు. ప్రమాణపత్రము చేతికి వచ్చినవాడు నాలుగవదినమున డ్రమ్మువద్దకు పోయి నోరు మెదపడు. ఎందువలన? శిబిరమున ఆతనికి తేటగా మాటలాడుట యెట్లో చెప్పిరి. ఎవరితో, దేనినిగూర్చి మాటలాడవలెనో చెప్పలేదు. అడుగు అధికారము తనకు కలదని చెప్పలేదు.

అనుభవమంటపము ఇచట జ్ఞాపకము రావలెను. కొందరు దానిని పండితసభగా భావింతురు. అందు కూర్చున్నవారి పేర్లు చూచినచో ఆ భ్రమ తొలగును. మడివాళ మాచయ్య బట్టలుతుకువాడు. అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. నులియ చందయ్య గడ్డితో త్రాళ్లు పేనువాడు. మేదర కేతయ్య బుట్టలల్లువాడు. ఒక్కొక్కడు తన పనిముట్టును పక్కన పెట్టి వచ్చి, ఆ పనిముట్టుతో నేర్చిన దానినే తత్త్వముగా పలికెను. చౌడయ్య మాట ఎంత కరకుగా నుండునో వచనములు చదివినవారెరుగుదురు. ఆ కరకుదనమును ఎవ్వరును మంటపమునుండి వెలివేయలేదు. అక్కమహాదేవి ఒంటరిగా కల్యాణమునకు వచ్చినపుడు ప్రభువు ఆమెను ప్రశ్నలతో పరీక్షించెను. ఆమె వయస్సులో చిన్నది, ఆడది, పరదేశి. తలవంచి మౌనముగా నుండినచో లోపలికి రానిత్తురని ఎవరును ఆమెకు చెప్పలేదు. సమాధానము చెప్పుటచేతనే ఆమెకు ఆసనము దొరకినది. చెన్నబసవన్న పిన్నవయస్కుడు, బసవేశ్వరుని మేనల్లుడు. షట్స్థల విచారమున పెద్దలు సైతము ఆతని మాటకు చెవియొగ్గిరి.

బసవేశ్వరుని చరిత్రయే ఒక పిల్లవాని ప్రశ్నతో ఆరంభమగుచున్నది. తెలుగువారికిది తమ భాషలోనే అందిన సంపద. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో బసవపురాణమును రచించినాడు; భీమకవి 1369లో దానినే కన్నడమునకు కొనిపోయెను. ఉపనయనము చేయబూనిన తండ్రి మాదిరాజును బాలబసవడు ఎదురుప్రశ్నలు వేసిన ఘట్టమును సోమనాథుడు ఎంతో విస్తరించి వ్రాసినాడు. ప్రతియేట బసవజయంతినాడు ఆ ఘట్టమును భక్తితో చదివించు పెద్దలు, తమ యింటిపిల్లవాడు ఎదురుప్రశ్న వేసినపుడు చెంపమీద కొట్టుట వింతగానే యుండును.

కాయకమను పదమునకు కాలక్రమమున కొంత తప్పుటర్థము చేరినది. శరణులు కాయకమును కైలాసముతో సమానముగా చూచిరి కనుక, ఏ పని యిచ్చినను నోరెత్తక చేయుటయే కాయకమని కొందరు బోధించుచున్నారు. యజమానులకు ఈ బోధ రుచించును. కాంట్రాక్టరులకు ఇంకను రుచించును. శరణుల కాయకమున మాత్రము మూడు గుణములు విడదీయరానివిగా కనబడును. పని తాను ఎరిగి చేసినదై యుండవలెను. పరులకు హాని లేనిదై యుండవలెను. దాని ఫలము దాసోహముగా నలుగురికి చేరవలెను. ఎరుగక చేసినది వెట్టి. డ్రమ్ములో ఏమున్నదో తెలియక మోయువాడు ఎంత చెమటోడ్చినను ఆతని చెమట కాయకము కాజాలదు. ఆ లోపము ఆతనిది కాదు, తెలియనీయని వారిది. అందుచేత డ్రమ్ములో ఏమున్నదని అడుగుట పనికి ఆటంకము కాదు. అది ఆ పనికి చేయు దీక్ష. గురువు లింగమును చేతికిచ్చునపుడు దాని మర్మమును చెవిలో చెప్పును కదా. చేతికి పని యిచ్చువాడు చెవికి దాని మర్మము చెప్పవలదా?

దేశపు శాసనమును ఈ విషయమున శరణుల పక్షముననే యున్నది. 1984 నాటి భోపాలు ఘోరము తరువాత, 1987లో ఫ్యాక్టరీల చట్టమును సవరించి, అపాయము ముంచుకొని వచ్చుచున్నదని తోచిన కార్మికుడు దానిని పై వారికి తెలియజేయు హక్కును చేర్చిరి. 2020 నాటి వృత్తిభద్రతా స్మృతియందును అట్టి హక్కు చోటుచేసికొన్నది. ఈ సంగతి ఎందరు యువకులకు తెలియును? శిబిరముల పాఠ్యప్రణాళికలో వ్యక్తిత్వవికాసమునకు గంటలు కేటాయించిరి. దీనికి అరగంట కేటాయించినచో ఏ వికాసమునకును కొరత రాదు.

ఇదంతయు ఆదర్శమే కాని ఆచరణకు రాదని నిట్టూర్చువారు అదే జిల్లాలోని జహీరాబాదు ప్రాంతమునకు ఒకసారి పోవలెను. అచట 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పల్లెల పేద దళితస్త్రీలను సంఘములుగా కూర్చెను. మాచునూరు గ్రామమున ఆ సంస్థ పచ్చసాలె యను బడిని నెలకొల్పెను. కూలికుటుంబముల పిల్లలు అందు సర్కారు బడిలోని చదువుతోపాటు వడ్రంగము, కుమ్మరపని, కుట్టుపని, గోడకట్టుట, సేద్యము మొదలగునవి చేతులార నేర్చుకొనిరి. లెక్కలు వేరు, వడ్రంగము వేరు అను గోడ అచట లేదు. కొలత తప్పినచో బల్ల కుంటును. గణితము తప్పినదని బల్లయే చెప్పును. చేతిపని చదువురానివానికని తలచు లోకములో ఇది చిన్న విషయము కాదు. సొన్నలిగె పనివారి మనస్సులోని ముల్లు ఇట్టి బడిలోనే ఊడవలెను.

ఆ మాచునూరుననే సంఘం రేడియో యను కేంద్రమున్నది. దానికి భవనము, యంత్రములు 1998 నాటికే సమకూడినవి. ప్రసారమునకు అనుమతి మాత్రము రాలేదు. ఆ పల్లెస్త్రీలు తలుపు వేసి యింటికి పోలేదు. తమ పాటలను, విత్తనముల ముచ్చటలను, మందుమొక్కల సంగతులను క్యాసెట్లలో ముద్రించి, ఆ క్యాసెట్లను సంఘముల కూటములకు కొనిపోయి వినిపించుచు వచ్చిరి. ఒక యేడు కాదు, రెండేండ్లు కాదు, పదియేండ్లు. 2008 అక్టోబరు 15న ప్రసార మారంభమైనది. కేంద్రమును నడపిన యువతు లిద్దరు. ఇద్దరి పేరును నర్సమ్మయే. మీటలు త్రిప్పుట, మాటను ముద్రించుట, ఇంటికివచ్చిన అధికారితో తడబడక మాటలాడుట, పెద్దామె పాట మరచినపుడు ఓపికతో అందించుట, అనుమతి వచ్చునంతవరకు నిరాశపడకుండుట. ప్రపంచ ఆరోగ్యసంస్థ పట్టికలోని పదియును ఇందులో వెదకి చూచుకొనవచ్చును. ఎవరును ఆ పట్టికను వారికి బోర్డుమీద వ్రాసి వల్లెవేయింపలేదు.

జీవననైపుణ్యములలో ఆ పట్టిక విడిగా పేర్కొననిది, ఈ వాడకు అత్యవసరమైనది మరియొకటి కలదు. అది పైకమును పట్టుకొను విద్య. ఐదక్కి మారయ్య కల్యాణమున నేలరాలిన బియ్యపుగింజ లేరుకొని వచ్చి దాసోహము నడపిన శరణుడు. ఒకనాడు అలవాటుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. ఈ యెక్కువ యెక్కడిది, మనకు దీనితో నేమిపని, తెచ్చినచోటనే పోసిరమ్మని పంపెను. ఈ కథను నిరాశాబోధగా చెప్పుట కలదు. పేదవాడు పేదగానే యుండవలెనని. కథలోని లక్కమ్మ పేదరికమును పొగడలేదు. ఆమె లెక్క అడిగినది. ఇంటికి ఎంత అవసరము, వచ్చినదెంత, ఎక్కడినుండి వచ్చినది? ఈ మూడు ప్రశ్నలు భూమి అమ్మిన యింట మొదటిదినముననే ఎవరైన అడిగియున్నచో ఎన్ని యెకరములు మిగిలియుండెడివో! హెల్పరుగా చేరిన కుర్రవానికి ఈ ప్రశ్నలే వేరురూపమున కావలెను. కాగితముమీద వేతనమెంత, చేతికి వచ్చిన దెంత, నడుమ తెగినది పి.ఎఫ్.కు పోయినదా, ఇ.ఎస్.ఐ.కి పోయినదా, కాంట్రాక్టరు జేబులోనికి పోయినదా? ఇ.ఎస్.ఐ. కార్డు లేనివాడు వ్రేలు తెగినదినమున గాని దాని విలువ యెరుగడు.

ఆడపిల్లలనుగూర్చి వేరుగా చెప్పవలసిన దొకటి కలదు. మందుగోలీల కర్మాగారములలో ప్యాకింగు పనికి చుట్టుపట్ల గ్రామములనుండి యువతు లెందరో పోవుచున్నారు. వారి జీతముతో తమ్ముల చదువులు, తండ్రుల మందులు నడచుచున్నవి. యువజన కార్యక్రమమనగానే క్రికెట్టు బ్యాటు, వాలీబాలు వల మాత్రమే కొని తృప్తిపడు గ్రామములలో ఆ యువతులకు చోటెక్కడ? రాత్రి షిఫ్టు ముగించి బస్సు దిగిన పిల్ల క్షేమముగా ఇల్లు చేరుటకూడ యువజనాభివృద్ధిలోని భాగమే. అక్కకు, సత్యక్కకు, లక్కమ్మకు పీట వేసిన సంప్రదాయమునకు ఇది గుర్తుచేయవలసి వచ్చుటయే కొంత బాధ.

ఇక పరదేశీయుల మాట. ఇస్నాపురము, పాశమైలారము చుట్టుపట్ల అద్దెగదులలో ఒక్కొక్క గదికి అయిదారుగురు చొప్పున ఉత్తరాది యువకులు నివసించుచున్నారు. తమ పని వీరు లాగుకొనిరని స్థానిక యువకులకు లోపల మంట. వీరికి భాష రాదు, ఊరు తెలియదు, పండుగకు పిలుచువారు లేరు. కల్యాణముకూడ వలస వచ్చినవారితో నిండిన పట్టణమే. మోళిగె మారయ్య కాశ్మీరదేశమునుండి వచ్చి కట్టెలమ్మి జీవించెనని శరణచరిత్ర చెప్పును. ఆతని కట్టెలమోపును చూచి నీది ఏ దేశమని కల్యాణమున ఎవరును తరుమలేదు. 2025 జూన్ ప్రమాదమునాడు, గాయపడినవారి పేర్లు వ్రాయుటకు, ఏడ్చుచు వచ్చిన బంధువులకు దారి చెప్పుటకు ముందుగా కావలసినది వారి భాషలో నాలుగు మాటలు. ఇరుగుపొరుగు గదులవారి పేర్లు తెలిసియుండుట, వారి భాషలో బాగున్నావా యని అడుగగలుగుట గ్రామయువకుడు పైకము లేకయే నేర్వగల విద్య.

ఇంతకును గ్రామము చేయగల దేమి? పెద్ద భవనము అక్కరలేదు. ఈ వాడలో వీరభద్రుని గుడియో, మల్లికార్జునుని గుడియో, మఠమో లేని ఊరు తక్కువ. దానికొక మంటపముండును. వారమున కొకదినము ఆ మంటపమున దీపము పెట్టి పదిమందిని కూర్చోబెట్టవచ్చును. వచ్చువాని కులమడుగరాదు, రాష్ట్రమడుగరాదు. మొదటి వారము ఎవరైన తన జీతపుకాగితము తేవలెను. తెలిసినవాడొకడు దానిని పంక్తి పంక్తిగా చదివి చెప్పవలెను. ఊరిలోని విశ్రాంత ఉద్యోగులు, బి.హెచ్.ఇ.ఎల్.లో ముప్పదియేండ్లు యంత్రములతో గడపినవారు ఇట్టి పనికే కూర్చుండి యున్నారు. వారి నెవరును పిలుచుటలేదు, అంతే. మరియొక వారము డ్రమ్ములమీది గుర్తులు. మరియొకనాడు అర్జీ వ్రాయుట, రసీదు అడుగుట. పిమ్మట ఒకనాడు ఎవరును ఏమియు బోధింపక, ఆ వారము తన పనిలో తనకు తెలియనిది ఏదో ఒక్కటి ప్రతివాడును చెప్పవలెను. ఈ చివరిదియే కష్టతరము. తెలిసినది చెప్పుట సులభము. తెలియనిది నలుగురిలో చెప్పుకొనుటకు సిద్ధరామునంతటివానికే కొంతకాలము పట్టినది.

బసవజయంతి వైశాఖ శుద్ధ తదియనాడు వచ్చును. పదవ తరగతి, ఇంటర్మీడియటు పరీక్షలు ముగిసి, పిల్లలు ఏమిచేయవలెనో తోచక అరుగులమీద కూర్చుండు దినములవి. కాంట్రాక్టరుల మనుషులు గ్రామములలో తిరుగు దినములును అవియే. ఊరేగింపునకు, పూలకు, మైకుసెట్టునకు చందాలు వసూలుచేయు సమితులు ఆ చందాలో కొంత తీసి, ఆ యేటి పిల్లల పేర్లు ఒక పుస్తకమున వ్రాసికొని, జయంతి మరుసటి వారమునుండియే ఈ కూటమి నారంభింపవచ్చును. పగటి షిఫ్టువారు ఇల్లు చేరునప్పటికి రాత్రి ఎనిమిది దాటును; స్నానము, భోజనము కావలెను. కనుక తొమ్మిదింటికి ముందు ఎవరును రాలేరు. రాత్రి షిఫ్టువారి కొరకు ఆదివారము ఉదయమున వేరొక కూటమి పెట్టవలసియుండును. ఉత్తరాది యువకులు గుమ్మమువద్ద నిలిచి చూచి వెనుదిరుగుదురు. మొదటి రెండు మూడు వారములు ఎవరైన లేచి బయటికి పోయి వారిని చేయిపట్టి లోపలికి తీసికొని రావలెను.